మాట్లాడే మెడపట్టీ

బండలాగుడు పోటీల్లో ఇప్పుడు ప్రతి ఎద్దుకూ మాట్లాడే మెడపట్టీ తప్పనిసరి. ఎద్దు మనసులో ఉన్నది ఆ పట్టీయే తెలుగులో చెప్పేస్తుంది కాబట్టి, హింస అని నోరెత్తే పని ఇక ఎవరికీ లేదు.

"నాకు హాయిగా ఉంది. ఇంకా లాగుతాను," అంది మాలకొండయ్య ఎద్దు. దాని నోట నురగ కారుతోంది. తొడ మీద ముల్లుగర్ర పోట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

పశువుల డాక్టరు సుభాషిణికి ఆ మాట మింగుడుపడలేదు. ఇందాక కుప్పకూలిన ఎద్దు కూడా సరిగ్గా ఇదే అంది.

"ఎద్దే చెప్తా ఉంటే మీకేందమ్మా అనుమానం?" అన్నాడు మాలకొండయ్య.

ఆమె ఎద్దు మెడలోని పట్టీ విప్పి, బండకున్న గొలుసుకు తగిలించి, మైకు తెచ్చి దాని దగ్గర పెట్టింది.

"నాకు హాయిగా ఉంది," అంది బండ, మైదానమంతా వినపడేలా. "ఇంకా లాగుతాను."