ఎలుక మీద కోపం

“కోపంలో ఉన్నప్పుడు ఇల్లు అమ్మకండి, మంచి ధర రాదు” అంది బ్రోకరమ్మ, గోడను వేలితో తట్టి చూస్తూ.

“ధర సంగతి నేనడిగానా?” అంది టైలరమ్మ.

“మీరడక్కపోయినా చెప్పడం నా పని. కిందాయన వేరేవాళ్ళ వాటాలో అద్దెకున్న మనిషి. ఇవాళ ఉంటాడు, రేపు పోతాడు. ఇల్లు మీది. కొన్నాళ్ళు ఓపిక పట్టండి.”

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఓపిక పట్టమని చెప్పడానికి ఇంట్లో మొగుడున్నాడు, దానికి బ్రోకరు దేనికి? మంచినీళ్ళిచ్చి మర్యాదగా పంపేసింది.

ఆ పైవాటా ఆమె కుట్టుమిషన్ తొక్కి తొక్కి కొనుక్కున్నది. కిటికీ పక్కన మిషన్, గోడ పొడవునా హ్యాంగర్లు, మూలన బట్టలు వేసుకుని చూసుకోవడానికి ఒక తెర. పెద్దాయన కిందివాటాలో దిగిన నాటి నుంచి ఆమెకు కష్టాలు మొదలయ్యాయి. మిషన్ తిరిగితే చాలు, కింద నుంచి కర్రతో కప్పు పొడుస్తాడు. పైకి వచ్చే నీళ్ళ వాల్వు కట్టేస్తాడు. ఇవన్నీ ఆమె పంటి బిగువున భరించింది. భరించలేనిది ఇంకొకటి ఉంది. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళతో, “గుడ్డ కొలిచే ఇస్తున్నావా అమ్మాయ్? జాగ్రత్త” అనేవాడు. దొంగ అన్న మాట మాత్రం నోట రానివ్వడు. ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే ముఖం చాటేశారు.

నిలదీస్తే, “నేనేమన్నానమ్మా? జాగ్రత్త అన్నాను, అంతేగా” అన్నాడు తాపీగా. ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇల్లు పోయినా సరే, ఈ మనిషికి నిద్ర లేకుండా చేయాలి.

“ఆయన ఎక్కడున్నా ఇంతేనట. ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం ఉండడట” అన్నాడు భర్త. “ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటావా?”

“నా ఇల్లు, నా అగ్గిపెట్టె” అంది.

గేటు సందులో ఎవరో పెట్టి వెళ్ళిన కార్డు చూసి మరో బ్రోకరుకు ఫోన్ చేసింది. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు. గదులు చూడలేదు, గోడలు తట్టలేదు.

“కొలతలు తీసుకోవా?” అని అడిగింది.

“ఇంటి కొలతలు ఎవరైనా తీస్తారక్కా. మంచి బ్రోకరైతే ముందు అమ్మేవాళ్ళ మనసు కొలవాలి.”

ఆమె ఊరికే మిషన్ తొక్కింది. కింద నుంచి టకటకమని కర్ర చప్పుడు. అతను నవ్వాడు.

“అర్థమైంది. మా ఇంట్లోనూ ఉన్నాడు ఇలాంటి పెద్దాయన ఒకడు. మీకు డబ్బు కావాలా, కసి తీరాలా?”

“రెండూ.”

“రెండూ కుదరవు. ఒకటి చెప్పండి.”

ఇన్నాళ్ళకు తన బాధ అర్థం చేసుకున్న మనిషి దొరికాడు. టైలరమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి.

“కసే” అంది.

“డ్రమ్ములు నేర్పే మాస్టారొకాయన ఉన్నాడు. పొద్దునా సాయంత్రం క్లాసులు. ఎక్కడా ఇల్లు ఇవ్వడం లేదు పాపం. కాకపోతే ఆయన పెట్టగలిగింది తక్కువ.”

“పెద్దాయన మంచం ఈ గది కిందే” అంది టైలరమ్మ. ఆమె అంత హాయిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మాస్టారు వచ్చాడు. గది మధ్యలో నిలబడి కాలితో నేల మీద గట్టిగా తన్ని చూశాడు. కింద నుంచి కర్ర బదులిచ్చింది.

“కింద ఎవరుంటారు?”

“చెవుడున్నాయన. మీరేం మొహమాటపడకండి” అంది.

ఆయన వంటగది చూడలేదు, కుళాయి తిప్పలేదు. కళాకారులకు ఇవేం పట్టవులే అనుకుంది. ధర విన్నాక భర్త తల పట్టుకున్నాడు. రెండు రోజులు కాగితం మీద లెక్కలు వేశాడు. చివరికి, “ఈ డబ్బుకు మనకు ఊరి చివర ఒక్క గది వస్తుంది. మిషన్ పెడితే మంచం పట్టదు” అన్నాడు.

“మంచం లేకపోతే నేల మీద పడుకుంటాను. నిద్రయితే పడుతుంది” అంది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. బ్రోకరు తన కమీషన్ కూడా వద్దన్నాడు. “మీలాంటి అక్క దగ్గర తీసుకుంటే పాపం తగులుతుంది” అన్నాడు. ఆ మాటను ఆమె దారి పొడవునా భర్తకు వినిపిస్తూనే ఉంది. మంచి బ్రోకరంటే ఇలా ఉండాలని, ఆ బ్రోకరమ్మకు ఏం తెలుసని దెప్పింది.

సామాను బండిలోకెక్కింది. ఖాళీ గదిలో హ్యాంగర్ల మేకులు మాత్రం మిగిలాయి. వాటిలో ఒకదాన్ని వేలితో తడిమి చూసింది. అంతలోనే పెద్దాయన గుర్తొచ్చాడు. మెట్లు దిగుతూ, వెళ్ళే ముందు ఆయనతో అనాల్సిన మాట మనసులో సరిచూసుకుంది. ‘రేపటి నుంచి హాయిగా పడుకోండి బాబాయిగారూ.’ ఆ ముఖం ఎలా వాడిపోతుందో కళ్ళారా చూసి మరీ బండెక్కాలి.

కిందివాటా తలుపు ఓరగా ఉంది. తట్టబోయి ఆగింది. లోపల వినిపిస్తున్నది బ్రోకరు గొంతు. డ్రమ్ముల కబురు తనే చెప్పడానికి వచ్చినట్టున్నాడు, ఎంత మంచివాడో అనుకుని చెవి ఆనించింది.

“ఈ వాటా కూడా మనకొచ్చేసింది నాన్నా, ఇక సామాను సర్దు.”