పేరు విన్న సీసా

"పేరు చెప్తే మందు పని చెయ్యది బిడ్డా," అంది కొత్తగూడ గట్టమ్మ. దగ్గుకు పసరు ఇస్తుంది కానీ, అది ఏ ఆకుదో అరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

జనగామ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని నీరజ తల పట్టుకుంది. ఆ పసరు ప్రయోగశాలలో, గాజు పళ్లెంలో న్యుమోనియా క్రిముల్ని చంపింది. మొక్క పేరు లేకుంటే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

"పేరు చెప్తే పసరుకు ఏమైతది అవ్వా?"

"ఏం కాదని నువ్వు చూసినవా?"

"అయితే చూద్దాం అవ్వా," అంది నీరజ.

గట్టమ్మ రెండు సీసాల్లో పసరు పోసింది. నీరజను వాకిట్లోకి పంపి, ఒక సీసా మూతి దగ్గర ఏదో గొణిగి, రెండింటికీ మూతలు బిగించింది. తర్వాత నీరజను పిలిచింది.

"ఎర్రమూతది పేరు విన్నది. తెల్లమూతది వినలే. రెండు చూసి చెప్పు."

వారం తర్వాత నీరజ ఫోన్ చేసింది. "అవ్వా, రెండు ఒక్కతీరుగనే చంపినయ్!"

 అటువైపు నుంచి పెద్ద నవ్వు.

"అరవై ఏండ్లు ఉత్తగనే నోరు మూసుకున్ననా! కలం తీస్కో బిడ్డా. గిది కాక ఇంకా పన్నెండు మందులున్నయ్."