పడవమ్మాయి పేరు

“ఆ పేరు మాత్రం చెక్కకు నాయనా,” అంది ముసలావిడ.

రాళ్ళు చెక్కేవాడు ఉలి ఆపి తలెత్తాడు. కొట్టు గుమ్మంలో చేతిసంచీతో నిలబడి ఉందావిడ. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

“ఎవరమ్మా మీరు?”

“బస్సు దిగి నేరుగా వస్తున్నా. ఇక్కడ రాయి నిలబెడుతున్నారని పేపర్లో చదివాను.”

నల్లరాతి మీద పని దాదాపు అయిపోయింది. ‘వరద ఈ వీధిని ముంచెత్తిన నాడు పదిహేడేళ్ళ అమ్మాయి ఒంటరిగా పడవ నడిపి, పదకొండు మందిని ఇక్కడ ఒడ్డుకు చేర్చింది. చెయ్యి చాచిన ఏ ఒక్కరినీ విడిచిపెట్టలేదు.’ ఆ కింద ఆమె పేరు సుద్దతో రాసి ఉంది. అదొక్కటే చెక్కాలి. మర్నాడు పదింటికి ఆవిష్కరణ. మునిసిపాలిటీ గుమాస్తా అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు.

“ఎందుకు చెక్కకూడదు?”

“ఆ ఆఖరి మాట అబద్ధం. పడవ అంచు పట్టుకున్న చేతుల్ని ఆ పిల్ల తెడ్డుతో కొట్టింది. వదిలేదాకా కొట్టింది.”

అతను ఉలి పక్కన పెట్టాడు. నోట్లోకి పోయిన రాతిపొడి పక్కకి ఉమ్మేశాడు. రాయి నిలబెడతారనగానే ఇలాంటివాళ్ళు ఎవరో ఒకరు దిగుతారు. తమ్ముడి పేరు పెద్దగా పడిందని అన్న, వదిన పేరు ముందుందని చెల్లెలు. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాడు. కానీ ఇంత రోత మాట ఎవరూ అనలేదు.

“చూడండమ్మా. ఆ పదకొండు మందిలో మా అమ్మ ఉంది. అప్పటికి ఐదేళ్ళు. పడవమ్మాయి లేకపోతే నేనే లేను. పోయిన ఏడాది కన్నుమూసే దాకా మా అమ్మ ఆమెని తలుచుకోని రోజు లేదు.”

“ఏమని తలుచుకునేది?”

“పిల్లలు జడుసుకుంటారని, కళ్ళు మూసుకుని గట్టిగా వంద దాకా లెక్కపెట్టమందట. అంత ప్రమాదంలో కూడా ఎంత నిబ్బరమో చూడండి.”

“జడుసుకుంటారని కాదు. చూస్తారని. గట్టిగా అనమన్నది నీళ్ళలో వాళ్ళ అరుపులు వినపడకుండా.”

“మీరు చూసొచ్చినట్టు చెప్తున్నారే.”

“ఆ పడవలో నేనూ ఉన్నాను.”

అతనికి ఇంకా అసహ్యం వేసింది. “అంటే ఆవిడ చలవతో ఒడ్డున పడి, యాభై ఎనిమిదేళ్ళు హాయిగా బతికి, ఇవాళ ఆవిడ మీద బురద చల్లడానికి బస్సెక్కి వచ్చారన్నమాట.”

“అలాగే అనుకో.”

ఆవిడ సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి రాతి మీద పరిచింది. ఏడు పేర్లు.

“చెక్కితే ఇవి చెక్కు. అందరం ఒకే వీధి వాళ్ళం. ఈ మూడో పేరు మా బడి పంతులమ్మ. వేళ్ళు చితికినా వదల్లేదు. అప్పుడు ఆ పిల్ల మణికట్టు చూసుకుని కొట్టింది.”

అతను చూపు తిప్పేసుకున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. “ఇంకొకరు ఎక్కితే పడవ మునిగేది కదా?”

“మునిగేదేమో. పంతులమ్మ బక్కమనిషి, మునిగేది కాదేమో. ఆ పిల్ల ఆగి చూడలేదు. అలాంటిదానికి ఊరంతా చేరి దండలు వేస్తుందట. తలుచుకుంటే వాంతి వస్తోంది.”

ఫోన్ మోగింది. గుమాస్తా. “గంటలో అయిపోతుంది సార్,” అని పెట్టేశాడు. కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టి, ఉలి అందుకున్నాడు.

“ఇక చాలమ్మా. వరద తర్వాత వాళ్ళ కుటుంబం ఊరొదిలి పోయింది. పాపం, ఉందో లేదో కూడా ఎవరికీ తెలీదు. ఎదురుగా లేని మనిషిని ఇన్ని మాటలంటున్నారు, మీకు నోరెలా వస్తోంది?”

“రాకే ఇన్నేళ్ళు పట్టింది.”

“మీరొద్దన్నారని నేను మానను. నేను మానినా ఊరు ఒప్పుకోదు. ఈ పేరు వద్దనే హక్కు పడవమ్మాయి ఒక్కదానికే ఉంది. ఆవిడొచ్చి నా మొహాన చెప్పమనండి, ఈ క్షణమే చెరిపేస్తాను.”

ముసలావిడ సంచీ కింద పెట్టి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

“వచ్చి చెప్తున్నాను కదయ్యా.”