రెండు కార్డుల కాపురం

ఆ రోజు ఆగస్టు పదిహేడు, ఆదివారం. తబితాకు తేదీతో పాటు వంట కూడా గుర్తే. చర్చి నుంచి వస్తూ ప్రభు బొమ్మిడాయిలు తెచ్చాడు. చింతపండు చిక్కగా వేసి పులుసు పెట్టింది.

తిని చేతులు కడుక్కుంటుండగా ప్రభు ఫోను మోగింది. కార్డు కొనడానికి ములకలపల్లి నుంచి ఎవరో బయలుదేరారట.

తబితా మిగిలిన పులుసు మీద మూత పెట్టింది.

ఆ కార్డు ఆమెది, గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటర్లో ఆట బొమ్మలను తెర మీదికి తెచ్చేది అదే. మొదటి జీతంతో కొనుక్కుంది. పెళ్లయి కొత్తగూడెం కాపురానికి వచ్చేటప్పుడు మెత్తటి చీర మడతల్లో పెట్టుకుని తెచ్చుకుంది.

ఇక్కడ ప్రభు కంప్యూటర్లో అంతకన్నా పెద్ద కార్డే ఉంది. కానీ కొత్తగా వచ్చిన ఆటను అదొక్కటే లాగలేకపోతోంది. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఏదో ప్రోగ్రాం వేసి రెండు కార్డులూ కలిపి చూశారు. మరీ అధ్వాన్నమైంది. కంపెనీలు వేరు, సైజులు వేరు, ఈ రెండిటికీ పొసగదని ప్రభు తేల్చేశాడు.

తబితా జట్టులో నలుగురు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ఆటలో పెట్టుకున్న పేర్లే తెలుసు.

ఆమె బొమ్మ ఆగిపోయిన ప్రతిసారీ జట్టు ఓడుతోంది. అయినా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కొండగొర్రె అని పేరు పెట్టుకున్న కుర్రాడైతే, ఆమె పడిపోయినప్పుడల్లా గెలుపు వదులుకుని వెనక్కి వచ్చి భుజాన మోసుకుపోతాడు. మైకు ఎన్నడూ తెరవడు, టైపు చేస్తాడంతే. ఎవరో కాలేజీ పిల్లాడని అందరూ అనుకునేవారు.

ఆ మంచితనమే తబితాకు మొయ్యలేనిదైంది. ఈ ఆదివారంతో ఆట మానేస్తున్నానని, కార్డును ప్రభు నంబరుతో ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టామని జట్టుకు చెప్పేసింది. చెప్పి, ఆ రాత్రి ప్రభుకు కనిపించకుండా ఏడ్చింది.

మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి ప్రభు తెల్లబోయాడు. యాభై దాటిన ఆడమనిషి. సగం నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు. పేరు జంపక్క అని చెప్పింది.

కార్డు ఎవరికని అడిగాడు ప్రభు.

"మా ఇంట్ల ఒకరు ఆడతరు బిడ్డా."

కొడుక్కేమో అనుకున్నారు ఇద్దరూ.

జంపక్క బేరమాడలేదు. ఇంత మంచిదాన్ని ఎందుకు వదులుకుంటున్నారంది. పొసగలేదని ప్రభు చెప్పాడు. ఎట్లా పెట్టారో ఒకసారి చూపించమంది.

ప్రభు కంప్యూటర్ డబ్బా విప్పి రెండో కార్డు బిగించాడు. ఆమె గొడుగు కుర్చీకి తగిలించి, డబ్బా వెనకవైపుకు వంగి చూసింది.

"తెర వైరు పెద్దదానికి గుచ్చినవేంది?"

"మరి పెద్దదానికే గద పెట్టాలె అక్కా."

తబితాకు నవ్వాగలేదు. "వీళ్లింట్ల అంతే అక్కా. చేప తలకాయ ముందు పెద్దోళ్ల పళ్లెంలనే పడాలె."

జంపక్క కూడా నవ్వింది.

"పెద్దది బొమ్మలు గీస్తది. చిన్నది వాటి నడుమ సందుల్ల ఇంకిన్ని బొమ్మలు నింపి తెరకు అందిస్తది. అందించేటోళ్లకే వైరు ఉండాలె. మా ఇంట్ల గిట్లనే రెండు పెట్టుకున్నం."

ప్రభు వైరు మార్చాడు. ఆట తెరిచాడు.

బొమ్మ వాగునీళ్లలా సాగిపోయింది.

తబితా ఎప్పుడు కుర్చీలో కూర్చుందో, ఎప్పుడు ఆడటం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. తల తిప్పి చూసేసరికి కుర్చీకి గొడుగు లేదు, గదిలో జంపక్క లేదు.

కాసేపటికి ప్రభు వచ్చాడు. ఆమెను బస్టాండులో దింపి వచ్చాడట. ఉత్తపుణ్యానికి తిప్పినం అక్కా అంటే, ఏం గాదు బిడ్డా అందట.

"రెండు కార్డులు ఉన్నోళ్లకు మూడోది ఎందుకో నాకైతే సమజ్ గాలె" అన్నాడు.

తబితా నాలుక కరుచుకుంది. అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని తిన్నావా అని కూడా అడగలేదు. కనీసం ఫోను చేద్దామంటే, ఆ నంబరు బస్సులో ఎవరిదో అడిగి చేసినదని తేలింది.

ఎనిమిదింటికి జట్టు కలిసింది.

మానడం లేదని తబితా చెప్పగానే మిగతా ఇద్దరూ ఈలలు వేశారు. కొండగొర్రె మాత్రం ఎప్పటిలాగే టైపు చేశాడు, మంచిదని.

ఆట మొదలైంది. ఈసారి తబితా ఒక్కసారీ ఆగలేదు. కొండగొర్రె వాగు దాటబోయి పడిపోతే, తనే పరుగెత్తి వెళ్లి భుజాన వేసుకుని అవతలి గట్టుకు చేర్చింది. జట్టు గెలిచింది. ప్రభు వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు.

కొండగొర్రెకు థ్యాంక్స్ చెప్పింది తబితా. ఇన్నాళ్లూ మోసినందుకు.

ఇన్నాళ్లలో మొదటిసారి ఆ పేరు పక్కన మైకు గుర్తు వెలిగింది.

"జర ఆగు బిడ్డా, మా అమ్మ పండుకున్నది, తలుపేసొస్త" అంది మధ్యాహ్నం ఇదే గదిలో విన్న గొంతు. ఆ వెంటనే ములకలపల్లిలో ఒక తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.