ఏది వేస్తే అది చూస్తారట

తెర మీద మళ్లీ తుపాకులు పేలాయి. ఛమోయ్‌కి ఒళ్లు మండిపోయింది.

"పోయినేడూ ఇదే గోల, అంతకు ముందేడూ ఇదే గోల. కార్లు గాల్లోకి లేవడం, మనుషులు నేల మీద పడడం. మనకేం కావాలో ఒక్కసారన్నా ఆలోచించారా వీళ్లు?"

పక్కనున్న బున్‌లుయ్ నవ్వాడు. సముత్ సాఖోన్ రేవులో చేపల తూకం వేసిన మనిషి. దేనికీ ఉలకడు, పలకడు. "బాతుమాంసం పెట్టారు. బొమ్మ వేశారు. ఏడాదికోసారి వచ్చే పండగ. నోరు మూసుకుని చూడు పిల్లా."

ఆయన పిల్లా అనే ఛమోయ్‌కి డెబ్బై ఏళ్లు దాటాయి.

ఊరి చివరి మైదానంలో ఏటా వ్యాపారుల సంఘం తెర కట్టించి వీళ్లకోసం సినిమా వేయిస్తుంది. ఏటా ఛమోయ్ కోరిక ఒక్కటే, "ఉప్పుమడిలో వాన". ఉప్పుమడుల ఆసామి కూతురు, ఉప్పు పడవ నడిపే కుర్రాడు. వారపత్రికలో నవలగా వస్తున్నప్పుడే ఊళ్లో ఆడవాళ్లంతా దానికోసం పడిచచ్చారు. సినిమాగా వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే వదిలేసి ఛమోయ్ మ్యాట్నీకి పోయింది. మొగుడు తిట్టాడు. మర్నాడు మళ్లీ పోయింది.

నిరుడు ఇక్కడికి చేరిన వన్‌పెన్ మటుకు నవలే చదివింది. సినిమా చూడలేదు. అత్తగారు గడప దాటనివ్వలేదట.

"నవల్లో ఆ పిల్ల పడవెక్కాక, గట్టు మీంచి తండ్రి పిలిస్తే వెనక్కి తిరిగి దిగిపోతుంది. సినిమాలో కూడా అంతేనా అక్కా?"

"నేను చెప్పను. చూసి తెలుసుకో."

"ఎప్పుడు?"

"ఇవాళే."

ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ లేదు. తెర కడుతూ, బొమ్మ ఆడించే ప్రయూన్ సంఘం కార్యదర్శికి చెప్పిన మాట అందరూ విన్నారు. పాత యంత్రంతో ఇదే ఆఖరి ఆట. ఇక మీదట లాప్‌టాప్. రేపు పొద్దున్నే రీళ్లన్నీ పాతసామాన్ల దుకాణానికి. అతని బండిలో ఆ రీళ్ల మధ్యే "ఉప్పుమడిలో వాన" డబ్బాలూ ఉన్నాయి. ఆ బొమ్మ ఇంకెక్కడా మిగల్లేదట.

పాపం ప్రయూన్ అడిగి చూశాడు. "అయ్యా, ఈ ఒక్కసారికి పాత బొమ్మ వేద్దామా? ఇక్కడున్నదంతా పాతకాలం వాళ్లే."

కార్యదర్శి కారు కూడా దిగలేదు. "ఏది వేస్తే అది చూస్తారు. ఇది వద్దని నీతో ఎవరన్నా చెప్పారా? ఫైటింగు వెయ్యి." కారు అద్దం పైకెత్తేసి వెళ్లిపోయాడు.

ఏది వేస్తే అది చూస్తారట. ఆ మాట ఛమోయ్‌కి ముల్లులా గుచ్చుకుంది. జీవితమంతా ఆమె ఉండమన్నచోట ఉంది, పెట్టింది తిన్నది. ఒక్క ఈ సినిమా విషయంలోనే ఎవరి మాటా వినలేదు. ఇప్పుడు వినే ఉద్దేశం అసలే లేదు.

"లేవండి," అంది.

"ఎక్కడికి?" అన్నాడు బున్‌లుయ్.

"జనరేటర్ దగ్గరికి."

"దాని జోలికెళ్తే వచ్చేయేడు తెర కట్టరు. ఉన్నదీ ఊడుద్ది."

"ఊడితే ఊడనీ మామా. నచ్చని బొమ్మ ఏటేటా చూసేకంటే నచ్చింది ఒక్కసారి చూస్తే చాలు. ఏం చేస్తారంట మనల్ని? జైల్లో పెడతారా?"

ముందు వన్‌పెన్ లేచింది. వెనక వరసల్లోని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచారు. మగవాళ్లు కాసేపు బింకంగా చూసి, వాళ్లూ లేచారు.

జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తెర నల్లబడింది.

ప్రయూన్ టార్చి వేసి చూశాడు. పెట్రోలు ఉంది. తాడు లాగితే నడిచింది. తుపాకులు మొదలయ్యాయో లేదో మళ్లీ ఆగింది. మళ్లీ లాగాడు. మళ్లీ ఆగింది. అతను తాడు వదిలేసి, నడుం మీద చేతులు పెట్టుకుని మైదానం కేసి చాలాసేపు చూశాడు.

"సరే తల్లుల్లారా, అర్థమైంది," అన్నాడు చివరికి. "రేపు నా పని ఊడితే మీరే కూడు పెట్టాలి."

బండిలోంచి తుప్పు పట్టిన డబ్బాలు దించాడు. ఈసారి జనరేటర్ ఒక్క లాగుడుకే అందుకుంది. తెర నిండా ఉప్పుమడులు తెల్లగా పరుచుకున్నాయి.

ఛమోయ్ మాటలన్నీ ముందే అప్పజెప్పేస్తోంది. బున్‌లుయ్ విసుక్కున్నాడు. "నన్ను బొమ్మ చూడనిస్తావా, నువ్వే ఆడేస్తావా?" సగమయ్యేసరికి ఆ విసుగూ మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఆఖరి రీలులో వాన దిగింది. గుట్టలు పోసిన ఉప్పంతా కరిగిపోతోంది. పడవ కదిలింది. గట్టు మీద తండ్రి పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. తెడ్డు తనే అందుకుంది.

వన్‌పెన్ ఛమోయ్ వైపు తిరిగింది.

"ఇందుకే కాబోలు అక్కా, మా అత్తగారు నన్ను చూడనివ్వలేదు."

ఛమోయ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. గెలిచామన్న సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది.

ప్రయూన్ రీళ్లను డబ్బాల్లో పెట్టాడు. పాతసామాన్ల మూటలో పడెయ్యకుండా తన సీటు పక్కన పెట్టుకున్నాడు. ఆపైన, సాయంత్రం నుంచి ఒక్క మనిషీ కూర్చోని కుర్చీలను మడిచి బండికెత్తి, వరసగా ఉన్న సమాధులకు దండం పెట్టి వెళ్లిపోయాడు.