సగం మీసం, ఎనభై ఒక్క శాతం

ఎడమ వైపు మీసం గీసేసిన కత్తెర బాబాయ్ కుడి వైపుకి వస్తూ వస్తూ ఆగిపోయాడు. కత్తి గాల్లోనే ఉండిపోయింది.

"ఆగావేం బాబాయ్? కానీ. నాలుగున్నరకి ఇంటర్వ్యూ," అన్నాడు కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారు.

"కదలకండి మాస్టారూ! సిక్సర్!"

సెలూన్ గోడ మీది టీవీలో ఫైనల్ నడుస్తోంది. మన ఊరి జట్టుకీ ఏటి అవతలి ఊరి జట్టుకీ పోటీ. ఇంకా నాలుగు ఓవర్లున్నాయి. బెంచీ మీద పక్క షాపు దర్జీ, రిటైరైన పోస్టుమాస్టరు గారు గోళ్ళు కొరుక్కుంటున్నారు. అవతలి ఊరి పేరెత్తితే చాలు, దర్జీకి ఒళ్ళు మండుతుంది.

"మెట్రో ఉందని ఎగిరిపడతారండీ వాళ్ళు! ఎక్కి ఎక్కడికి పోతారట? ఆ ఊళ్ళో చూడ్డానికేముందని?" అంటూనే చేతిలోని ఫోన్ చూసి ఉలిక్కిపడ్డాడు. అందులో ఒక యాప్ ఉంది. ఎవరు గెలుస్తారో బంతి బంతికీ శాతాల్లో చెబుతుంది. "ఇరవై రెండు నించి ముప్పై ఆరుకి ఎక్కాం! బాబాయ్, నువ్వు కత్తెప్పుడు ఆపావ్?"

"ఆ బంతికే."

ముగ్గురూ కలిసి మాస్టారి సగం మీసం వైపు చూశారు.

"తొందరపడకూడదు. పరీక్షించి చూద్దాం," అన్నారు పోస్టుమాస్టరు గారు గంభీరంగా. "కత్తి పెట్టు."

బాబాయ్ కత్తిని పెదవి దగ్గరికి తెచ్చాడు. టీవీలో వికెట్ ఎగిరిపోయింది. కత్తి వెనక్కి తీశాడు. ఫోర్.

"ఇంకేం రుజువు కావాలండీ?" అన్నాడు దర్జీ.

"అయ్యా, నా మాట వినండి," మాస్టారు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఆ శాతం వచ్చేది బ్యాటర్ల సగటు, మిగిలిన బంతులు, పిచ్ తీరూ లెక్కగట్టి. నా మీసానికి అందులో గడి లేదు."

"లేకపోతే పెట్టించాలి. ఎక్కడండీ ఆ యాప్ కంపెనీ?" అన్నాడు దర్జీ.

"రెండు వీధుల అవతల. నేను ఇంటర్వ్యూకి వెళ్ళేది అక్కడికే!"

"మంచిదే. మ్యాచ్ అయ్యాక వెళ్ళి చెప్పండి," అన్నాడు బాబాయ్, కత్తి జేబులో పెట్టుకుంటూ.

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. ట్యుటోరియల్‌లో ఎనిమిదేళ్ళుగా అవే లెక్కలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. ఈ ఉద్యోగం కోసం మూడు పరీక్షలు గట్టెక్కాడు. మిగిలింది పెద్దాయనతో ముఖాముఖి. పొద్దున భార్య చొక్కా ఇస్త్రీ చేసిస్తూ, "నీట్‌గా గడ్డం గీయించుకుని మరీ వెళ్ళండి," అని పదిసార్లు చెప్పింది. గడ్డం నీట్‌గానే ఉంది. మీసమే సగంలో ఉంది.

యాప్‌లో నలభై ఎనిమిది. అరవై మూడు. మాస్టారికి తుమ్మొచ్చింది. ముగ్గురూ ఒక్కసారిగా అరిచేసరికి తుమ్ము లోపలికే పోయింది.

చివరి ఓవర్. తొమ్మిది పరుగులు కావాలి. యాప్‌లో ఎనభై ఒకటి. గడియారంలో నాలుగుంపావు. మాస్టారు మెడ చుట్టూ ఉన్న గుడ్డ లాగి పారేసి వీధిలోకి ఒక్క దూకు దూకాడు.

"పట్టుకోండి!" అరిచాడు బాబాయ్.

ఎవరూ లేవలేదు. లేస్తే జట్టుకి అచ్చొచ్చిన చోటు కదిలిపోతుంది మరి.

వీధి పొడవునా షాపుల్లోంచి కేకలు. మాస్టారు మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుతున్నాడు. మలుపు తిరిగేసరికి కేకలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. బస్సు ఆపుకుని ఫోన్ చూస్తున్న డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"ఏమైందండీ?"

"ఒక్క పరుగు తేడాతో పోయింది."

లెక్కలు తెలిసిన మనిషి, బాధపడకూడదు. అయినా మాస్టారికి ఎవర్నో చంపి వచ్చినట్టే ఉంది.

ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి రుమాలు చూసి, "పన్ను నొప్పాండీ?" అంది.

"అవునమ్మా."

ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో కంపెనీ మాట రాసి ఉంది: నమ్మకాలు కాదు, అంకెలు. అది చూడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, తనలాంటి వాళ్ళు ఉండే చోటికి వచ్చాడు. ఇక్కడైతే జరిగింది జరిగినట్టు చెప్పినా నవ్వుకుని ఊరుకుంటారు.

లోపలికి పిలిచారు. తలకి తువ్వాలు చుట్టుకుని బల్ల వెనక కూర్చున్నాడు పెద్దాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడు పరీక్షల్లోనూ మీరే ఫస్టు," అన్నాడు నీరసంగా. "ఒక్కటే ప్రశ్న. ఎనభై ఒక్క శాతం దాకా వచ్చి ఎందుకు ఓడిపోయాం?"

"పందొమ్మిది శాతం ఓడిపోయే వీలుంది కదండీ. లెక్క తప్పలేదు," అన్నాడు మాస్టారు రుమాలు వెనకనించి.

"సరిగ్గా చెప్పారు! లెక్క తప్పలేదు. నేనూ తప్పు చేయలేదు," అంటూ పెద్దాయన తువ్వాలు విప్పాడు. కుడి సగం జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ఎడమ సగం తెల్లగా మెరుస్తోంది. "పైనే మా ఇల్లు. మా ఆవిడ రంగేస్తూ ఆపిన దగ్గర్నించీ అన్నీ సిక్సర్లే. ఆఖరి బంతి దాకా ఇంచు కూడా కదల్లేదండీ నేను! ఊళ్ళో ఎవడో లేచిపోయుంటాడు... ఏదీ, మీరు ఆ రుమాలు తియ్యండి."