ఆవిడ ఎవరి తరఫు?

"పళ్ళ వేళ్ళు పీకేదానివి, వంశం వేళ్ళ మీద పడ్డావేమిటే?" అని బాబాయి అనగానే క్లినిక్ వెయిటింగ్ హాలంతా గొల్లుమంది.

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. ఆదివారం రోగులు రారు కాబట్టి హాలును చుట్టాలకు అప్పగించింది. టూత్‌పేస్టు ప్రకటనలు తిరిగే గోడ టీవీకి తన ల్యాప్‌టాప్ తగిలించింది.

వచ్చే నెల నాన్నకు అరవై నిండుతాయి. ఏం కావాలి నాన్నా అని అడిగితే ఆయన ఒక్కటే కోరాడు.

"మనవాళ్ళందరినీ ఒక్క పటంలో చూడాలనుందమ్మా. ఒక్కరూ తప్పిపోకూడదు."

ఆయన తన కోసం ఏదైనా అడగడం అదే మొదటిసారి. అందుకే ఆమెకు అంత పట్టుదల.

వంశవృక్షం గీసే సాఫ్ట్‌వేర్లు రెండు దొరికాయి. మొదటిదానిది నత్తనడక. చూడ్డానికి కరెంటు బిల్లులా ఉంటుంది గానీ, ఏదంటే అది రాసుకోనిస్తుంది. రెండోది చకచకా పని చేస్తుంది. కొమ్మలు, రంగులు, ఫొటోలతో పటం కన్నులపండుగగా వస్తుంది. ఏది కొనాలో అందరూ కలిసి తేల్చాలి.

చుట్టాలు కలిస్తే తేలేదేముంది? తలా ఒక మాట.

"నన్ను మా అన్నయ్య కింద పెట్టావేం?" అన్నాడు బాబాయి.

"కింద కాదు బాబాయ్, పక్కనే. తెర చిన్నది."

"అల్లుళ్ళని ఏ రంగులో చూపిస్తుంది?" అడిగాడు మామయ్య.

"బూడిద రంగులో."

"తెలివైన సాఫ్ట్‌వేరే!"

హాల్లో ఉన్న అల్లుళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వెనక వరసలో శాలువా కప్పుకున్న పెద్దావిడ ఒకామె అందరికంటే శ్రద్ధగా చూస్తోంది. కాసేపటికి లేచి వచ్చి తెర దగ్గరే కూర్చుంది.

"పుట్టగానే పోయిన బిడ్డని కూడా రాయొచ్చా అమ్మా?"

"రాయొచ్చు మామ్మగారూ. రెంటిలోనూ."

"విడిపోయిన మొగుడూ పెళ్ళాల్ని?"

"వాళ్ళ మధ్య గీత చుక్కలుగా మారుతుంది."

"చెరిగిపోదన్నమాట!" ఆవిడ ముఖం వెలిగింది.

డాక్టరమ్మకు ముచ్చటేసింది. ఇంతమందిలో పనికొచ్చే ప్రశ్నలు అడుగుతున్నది ఈవిడొక్కతే. ఇంతకీ ఎవరి తరఫు? అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ చుట్టాల్లో పెద్దవాళ్ళని పట్టుకుని మీరెవరండీ అంటే ఇంకేమైనా ఉందా? ఆ మధ్య ఒక పెళ్ళిలో ఒక పెద్దమ్మని అలాగే అడిగితే ఆమె ఇప్పటికీ మాట్లాడటం లేదు. వరస కలిపి పిలిచేస్తే గొడవే ఉండదు.

"మరి ఒక బిడ్డకి ఇద్దరమ్మలుంటే?" అంది ఆవిడ.

"ఒకాయనకి ఇద్దరు పెళ్ళాలుంటే చూశాం గానీ, ఇదెక్కడి చోద్యం!" అన్నాడు బాబాయి. మళ్ళీ నవ్వులు.

ఇంతలో నాన్న టీ తెచ్చి మొదటి గ్లాసు ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ గ్లాసుతో పాటు ఆయన చేతినీ పట్టుకుంది. పెద్దావిడ, ఆసరా కోసం పట్టుకుంది కాబోలనుకుని, ఆయన ఆ గ్లాసు వదలకుండా అలాగే నిలబడ్డాడు.

డాక్టరమ్మ రెండూ నొక్కి చూసింది. మొదటిది ఇద్దరు తల్లులకూ గడులిచ్చింది. రెండోది ససేమిరా ఒప్పుకోలేదు.

"మొదటిదాంట్లో కుదురుతుందండీ. కానీ దాంతో మనకేం పని? మనింట్లో అలాంటివాళ్ళెవరూ లేరుగా. రెండోదే కొనేద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు.

"అందంగా ఉంది. అదే తీసుకో తల్లీ," అంది ఆవిడ కూడా.

గ్రూప్ ఫొటోకి ఆవిడ ఒక మూలకి జరుగుతుంటే, నాన్నే చెయ్యి పట్టుకుని తన పక్కన నిలబెట్టుకున్నాడు. తర్వాత బస్సు ఎక్కించి వచ్చాడు.

"పాపం, నేను తిన్నానో లేదోనని రెండుసార్లు అడిగింది," అన్నాడు.

మర్నాడు డాక్టరమ్మ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫొటో ఎక్కించింది. ఒక్కో ముఖాన్నీ దాని గడికి కలుపుకుంటూ పోయింది. చివరికి శాలువా ఆవిడ ముఖం ఒక్కటే మిగిలిపోయింది.

బాబాయికి ఫోన్ చేసింది.

"ఆవిడా? మీ అమ్మ తరఫు అనుకున్నానే."

మామయ్యకి చేసింది.

"మీ నాన్న తరఫు కదూ? పిన్నిగారూ పిన్నిగారూ అంటూ విసనకర్ర కూడా తెచ్చిచ్చానే!"

ఇద్దరూ ఇంత బాగా మర్యాద చేసిన మనిషి ఎవరో ఇద్దరికీ తెలీదు. డాక్టరమ్మకు ఆ కుతూహలంతో కాలు నిలవలేదు. నాన్నకూ తెలీదట. ఇక మిగిలింది పెద్దత్త. నాన్నకు అక్క. తుంటి విరిగి మంచం మీద ఉండటంతో నిన్న రాలేకపోయింది.

ఆవిడ ఫొటో పంపిన మరుక్షణమే పెద్దత్త దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఆవిడని నేనే పంపానే. తను బతికుండగా నోరు విప్పొద్దని మా అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. అమ్మ పోయాక వెతికి పట్టుకున్నాను. వెళ్ళి చెప్పుకోమంటే, 'ముందు నాకు చోటుందో లేదో చూస్తాను, ఉంటే అప్పుడు చెబుతాను' అంది."

"ఏం చోటు అత్తా?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేసి, 'కళ్ళారా చూసుకున్నాను, చాలు, ఇక రాను' అని ఏడ్చింది. ఇప్పుడు ఎంత చేసినా ఫోన్ ఎత్తడం లేదు."

డాక్టరమ్మకు భయం వేసింది.

"అత్తా, ఇంతకీ ఆవిడెవరు?"



"మీ నాన్నను కని మా అమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళిన మనిషికి మీ పటంలో చోటు లేదన్నదెవరే?"